అంధ రాజనీతిజ్ఞుడు హెన్రీ ఫాసెట్టు - భారతదేశపు జమాఖర్చులు

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లండు కామన్సు సభయందు ‘భారతదేశ ప్రతినిధి’ యని పేరు పొందిన సభ్యు డొకడుండెను. ఆయన భారతీయుడు కాడు. భారతదేశమున నెన్నడును అడుగు పెట్టినవాడు కాడు. ఆయనను సభకు పంపినవారు మొదట బ్రైటను పట్టణపు వోటర్లు, పిదప లండను నగరమందలి హాక్నీ వోటర్లు. అంతకు మించిన విశేషము మఱొకటి కలదు. సభయందు ప్రవేశించునాటికే ఆయన రెండు కన్నులును కోల్పోయి ఏడేండ్లు గడచి యుండెను. ఆయన పేరు హెన్రీ ఫాసెట్టు (1833-1884).

ఇట్టివారి చరిత్రలు సాధారణముగ రెండు విధముల వ్రాయబడుచుండును. అంధత్వమును జయించిన ధీరుడని కీర్తించి నీతికథగా ముగించుట మొదటి విధము. అంధత్వమును ఒక్క వాక్యమున పేర్కొని, తక్కిన రాజకీయ జీవితమును అందఱి జీవితమువలెనే వివరించుట రెండవ విధము. ఈ రెండును చాలవని మా యభిప్రాయము. చూపు లేకపోవుట ఫాసెట్టు పనిచేయు పద్ధతిని మార్చినది. ఆ పద్ధతి భారతదేశపు ఆదాయ వ్యయములను గూర్చి ఆయన చేసిన కృషికి ఎంతయో అక్కఱకు వచ్చినది. ఆ చూపు లేమియే ఆయన పదవికి ఒక హద్దును కూడ గీచినది. ఈ మూడు విషయములను వరుసగ పరిశీలించుట ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

ఫాసెట్టు 1833 ఆగస్టు 26వ తేదీన దక్షిణ ఇంగ్లండునందలి సాలిస్బరీ పట్టణమున జన్మించెను. తండ్రి విలియం ఫాసెట్టు బట్టల వర్తకుడు. ఆ పట్టణమునకు మేయరుగా పనిచేసినవాడు. పిమ్మట వ్యవసాయమునకు దిగెను. ఇంట కలిమి యుండెను గాని, ఆనాడు పార్లమెంటు సభ్యత్వమునకు సోపానములైన విశాల భూస్వామ్యముగాని, ప్రభువంశ బాంధవ్యముగాని లేవు. హెన్రీ సామాన్య పాఠశాలలలో చదివి, 1852లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పీటర్‌హౌసు కళాశాలలో చేరి, మరుసటి యేట ట్రినిటీ హాలునకు మాఱెను. 1856లో గణితశాస్త్ర పరీక్షయందు ఏడవ స్థానము పొంది, ఆ సంవత్సరాంతమున ట్రినిటీ హాలు ఫెలోగా ఎన్నికయ్యెను. ఆయన కోరిక చిన్ననాటి నుండియు ఒక్కటే: పార్లమెంటు సభ్యుడగుట. ఆస్తిబలము లేని యువకునకు న్యాయవాద వృత్తియే అందులకు మార్గము గనుక, లండనులోని లింకన్స్ ఇన్‌నందు చేరి ధర్మశాస్త్రాభ్యాసము మొదలుపెట్టెను.

1858 సెప్టెంబరు 17వ తేదీన ఆ మార్గము మూసికొనిపోయెను. సాలిస్బరీ సమీపమున హార్న్‌హాం కొండపై తండ్రితో కలసి పిట్టల వేట కేగిన సమయమున, తండ్రి పేల్చిన తుపాకి రవ్వలు కొన్ని గుఱితప్పి కుమారుని తాకినవి. వానిలో రెండు, కంటి కొక్కటి చొప్పున, లోనికి దూసికొనిపోయినవి. అప్పుడాయన వయస్సు 25 ఏండ్లు. ఆయన మిత్రుడును, జీవితచరిత్రకారుడును అగు లెస్లీ స్టీఫెన్, 1885లో ప్రకటించిన గ్రంథమున, ఈ ప్రమాదము తన జీవితాశయమునకు అడ్డు రాగూడదని పది నిమిషములలోనే ఫాసెట్టు నిశ్చయించుకొనెనని వ్రాసెను. ఈ మాట మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. అయినను దీనినే పట్టుకొని తక్కిన దానిని మఱచుట తగదు. ప్రమాదానంతరము దిగులుతో గడచిన దినములు లేకపోలేదు. కేంబ్రిడ్జిలో తనకు గణితము బోధించిన విలియం హాప్కిన్సు ధైర్యము చెప్పుచు వ్రాసిన ఉత్తరము ఆయనకు పెద్ద ఆసరా యయ్యెను. అంతకంటె ముఖ్యమైన కారణము మఱొకటి మాకు తోచుచున్నది. తన చేతితోనే కుమారుని కన్నులు పోయినవని కుమిలిపోవుచున్న తండ్రి యెదుట, కుమారుడు నిరాశను ప్రకటింప జాలడు. ఆ పది నిమిషముల నిశ్చయమున స్వీయధైర్యమెంతయో పితృభక్తియు అంతయే కలదని మేము భావింతుము.

ఫాసెట్టు న్యాయవాద వృత్తిని విడిచి కేంబ్రిడ్జికి తిరిగి వచ్చెను. వెంట నడచుటకును, చదివి వినిపించుటకును, చెప్పినది వ్రాయుటకును ఒక బాలుని కుదుర్చుకొనెను. పూర్వమువలెనే నడచెను, గుఱ్ఱమెక్కెను, పడవ నడిపెను, చేపలు పట్టెను. శీతకాలమున గడ్డకట్టిన నీటిపై జారుడు పాదరక్షలతో మైళ్లకొలది పోయెను. తనకు తెలిసిన దారులందు ప్రకృతి దృశ్యములను గూర్చి, చూచుచున్నవానివలెనే మిత్రులతో ముచ్చటించెను. ఇవి వినుటకు వింతలు. చరిత్రకారునకు కావలసినది ఆయన చదువుకొన్న తీరు. కన్నుతో చదువువాడు పుటలు వెనుకకు త్రిప్పి చూడగలడు. పట్టికలో కావలసిన అంకెను వ్రేలితో వెదకగలడు. చెవితో చదువువాని కా సౌకర్యము లేదు. ఒకమాఱు విన్న అంకె మనసున నిలువవలెను. నిలిచిన అంకెకు తక్కిన అంకెలతో సంబంధమును వెంటనే చూడవలెను. గణితమున కృతవిద్యుడైన ఫాసెట్టునకు ఈ శక్తి పూర్వమే కొంత కలదు. అంధత్వమువలన అది నిత్యాభ్యాసమయ్యెను. ఆయన అర్థశాస్త్రమును చేపట్టుట ఇందువలన సహజమే యయ్యెను. జాన్ స్టూఅర్టు మిల్లు గ్రంథములు ఆయనకు మార్గదర్శకములు. 1863లో ఆయన రచించిన అర్థశాస్త్ర గ్రంథము వెలువడెను. ఆ సంవత్సరము నవంబరులోనే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడుగా ఎన్నికయ్యెను. ఆ పీఠమును మరణపర్యంతము విడువలేదు.

పార్లమెంటు ప్రవేశము అంత సులువుగ జరుగలేదు. 1860లో సదర్కు స్థానమునకు ప్రయత్నించి, తుదకు విరమించుకొనెను. 1863లో కేంబ్రిడ్జి పట్టణమునను, 1864లో బ్రైటనునందును ఓడిపోయెను. 1865 సాధారణ ఎన్నికలలో బ్రైటనునుండియే గెలిచెను. ఆ ఎన్నికలలోనే మిల్లు వెస్టుమినిస్టరునుండి గెలిచినందున గురుశిష్యు లిరువురు నొక్కమాఱే సభ ప్రవేశించిరి. ఆ సభాసంప్రదాయము నిచట గమనింపవలెను. మాటలాడ దలచిన సభ్యుడు లేచి నిలిచి సభాపతి కంట పడవలెను. అధ్యక్షుని చూపు తనపై వ్రాలినదో లేదో తెలిసికొనవలెను. కాగితము చూచి లెక్కలు చదువుట, ఎదుటివారి ముఖభావములను బట్టి ప్రసంగమును మలచుకొనుట మున్నగునవి సామాన్య సభ్యుల సాధనములు. వీనిలో నొక్కటియు ఫాసెట్టునకు లేదు. ఆయనకు ఉన్నది కంఠము, జ్ఞాపకశక్తి, మిత్రుల చేయూత మాత్రమే.

1867 ఏప్రిలులో ఆయన మిలిసెంటు గారెట్టును వివాహమాడెను. ఆమె వయస్సు అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు. అనంతర కాలమున ఇంగ్లండులో స్త్రీల వోటుహక్కు ఉద్యమమునకు నాయకురాలైన మిలిసెంటు ఫాసెట్టు ఈమెయే. భర్తకు పత్రికలు, ప్రభుత్వ నివేదికలు చదివి వినిపించుట, ఆయన చెప్పినది వ్రాయుట ఆమె నిత్యకృత్యములయ్యెను. ఈ పనిలో ఆమె పొందిన రాజకీయ శిక్షణ చిన్నది కాదు. స్త్రీలకు పార్లమెంటు గ్యాలరీలో జాలి వెనుక కూర్చుండుటకు మాత్రమే చోటున్న ఆ కాలమున, పార్లమెంటు పత్రము లన్నియు ఒక యువతి చేతులమీదుగ పోవుట అరుదైన విషయము. భర్తయు స్త్రీల వోటునకు మొదటినుండి పక్షపాతియే. 1867 మే 20వ తేదీన మిల్లు ప్రతిపాదించిన సవరణకు అనుకూలముగ 73 వోట్లు, ప్రతికూలముగ 196 వోట్లు వచ్చినవి. ఆ 73 మందిలో ఫాసెట్టు ఒకడు.

స్వదేశ విషయములలో ఆయన చేసిన కృషిలో ఒక్క దానిని మాత్ర మిచట ఉదాహరింతుము. ఇంగ్లండులో గ్రామస్థు లందఱికి ఉమ్మడిగ ఉపయోగపడు బీళ్లు, అడవులు కలవు. వీనికి కంచెలు వేసి భూస్వాముల పరము చేయుటకు ప్రతి యేట ఒక బిల్లు చర్చ లేకుండనే ఆమోదము పొందుచుండెను. 1869 నాటి బిల్లులో సుమారు ఏడువేల ఎకరములు కంచెల పాలగుచుండగ, ప్రజల విహారమునకు విడిచినది మూడెకరములు, పేదల తోటలకు విడిచినది ఆరెకరములు. ఎవ్వరును చదువని ఆ బిల్లును ఫాసెట్టు చదివించుకొని వినెను, అడ్డుపడెను. ఎపింగు అడవి మొదలగు ఉమ్మడి స్థలములు నిలుచుటకు జరిగిన ఉద్యమమున ఆయన ముఖ్యుడు. ఆ అడవుల అందమును తాను చూడజాలడు. ఇతరులు చూడక వదలిన కాగితములను శ్రద్ధగ వినుట ఆయన పద్ధతి. ఆ పద్ధతికి పరమ ప్రయోజనము భారతదేశ విషయమున కలిగెను.

1858లో కంపెనీ పాలన ముగిసి, భారతదేశపు రాబడిపై అంతిమాధికారము పార్లమెంటు చేతికి వచ్చెను. కాని ఆ అధికారమును పార్లమెంటు వాడుకొనలేదు. అందులకు ముఖ్య కారణము ఏర్పాటులోనే కలదు. వలసరాజ్యముల మంత్రి జీతము ఇంగ్లండు ఖజానానుండి చెల్లుచుండెను; భారతదేశ మంత్రి జీతము మాత్రము, ఆయన లండను కార్యాలయపు ఖర్చుతో సహా, భారతదేశపు రాబడినుండి చెల్లుచుండెను. తమ వోటర్ల ధనము కాని దానిని గూర్చి సభ్యులకు ఆసక్తి యేల కలుగును? భారతదేశపు బడ్జెటు సమావేశముల చివరి దినములలో, ఖాళీ బల్లల యెదుట, చదువబడుచుండెను. ఈ యేర్పాటు 1919 నాటి చట్టముచేత గాని మాఱలేదు.

ఫాసెట్టు దృష్టిని మొదట ఆకర్షించినది చిన్న పద్దు. 1867లో తురుష్క సుల్తాను లండనునకు వచ్చినపుడు ఆయన గౌరవార్థము భారతదేశ మంత్రి కార్యాలయమున గొప్ప నృత్యోత్సవము జరిగెను. దాని ఖర్చు భారతదేశపు పద్దులలో వ్రాయబడెను. లండనులో లండనువా రిచ్చిన విందునకు, అందు పాల్గొనని భారతీయ రైతు ఏల పన్ను కట్టవలెనని ఫాసెట్టు ప్రశ్నించెను. మొత్తము పెద్దది కాకపోవచ్చును, సూత్రము పెద్దది. అబిసీనియా యుద్ధమునకు పంపిన భారతీయ సైనికుల జీతములు, రాజకుమారుల భారతదేశ యాత్రల ఖర్చులు కూడ ఇట్లే భారతదేశపు నెత్తిన పడినపుడు ఆయన అభ్యంతరము తెలిపెను. ఒకే ప్రశ్న మాటిమాటికి: ఈ ఖర్చువలన లాభము పొందిన వారెవరు? చెల్లించుచున్న వారెవరు?

ఉద్యోగముల విషయమునను ఆయన న్యాయమునే కోరెను. సివిలు సర్వీసు పరీక్ష లండనులో మాత్రమే జరుగుచుండెను. 1863లో సత్యేంద్రనాథ టాగూరు తొలి భారతీయుడుగ గెలిచినను, సముద్రము దాటి పోగల ధైర్యము, ధనము ఎందఱికి కలవు? 1868 మే నెలలో ఫాసెట్టు ఈ పరీక్షలను కలకత్తా, మదరాసు, బొంబాయి నగరములలో కూడ ఏకకాలమున జరుపవలెనని సభలో ప్రతిపాదించెను. తీర్మానము నెగ్గలేదు. ఆనాడది నెఱవేఱి యుండినచో, మదరాసు రాజధానిలోని తెలుగు విద్యార్థులకు ఆ ద్వారము అర్ధశతాబ్ది ముందే తెఱచుకొని యుండెడిది. 1893లో కామన్సు సభ ఇదే భావమును తీర్మానముగ ఆమోదించినను ప్రభుత్వ మమలు జరుపలేదు. భారతదేశమున పరీక్ష జరుగుట 1922లో మొదలయ్యెను.

భారతదేశపు ఆదాయ వ్యయముల విచారణకు 1871లో కామన్సు సభ ఒక సంఘమును నియమించుటకు ఫాసెట్టు ఒత్తిడియే ముఖ్య కారణము. 1874 వఱకు కొనసాగిన ఆ సంఘమున ఆయన సభ్యుడు. ఉన్నతోద్యోగులను సాక్షులుగ పిలిచి ప్రశ్నించునపుడు, కాగితము చూడకయే పూర్వ సంవత్సరముల అంకెలతో నేటి అంకెలను సరిపోల్చి అడుగు ఈ సభ్యుని యెదుట నిలుచుట వారికి సులభము కాలేదు. 1873లో దాదాభాయి నౌరోజీ ఆ సంఘము ముందు సాక్ష్యమిచ్చెను. భారతీయుల తలసరి ఆదాయమును గూర్చి ఆయన సమర్పించిన పత్రములు సంఘపు నివేదికతో అచ్చుపడలేదు. అవి తరువాత స్వతంత్రముగ వెలువడి, మన జాతీయోద్యమపు అర్థశాస్త్రమునకు పునాదులైనవి. ఒక విచారణ తాను కోరిన తీర్పు నీయకపోయినను, ప్రశ్నలను ప్రజల యెదుట నిలుపగలదనుటకు ఇది నిదర్శనము.

ఈ కృషిని భారతీయులు గుర్తింపకపోలేదు. 1872లో కలకత్తా ప్రజలు ఆయనకు కృతజ్ఞతా పత్రమును పంపిరి. తెలుగువారి విషయమున కొక్క మాట చెప్పవలెను. గాజుల లక్ష్మీనరసు సెట్టి 1852లో స్థాపించిన మదరాసు దేశీయ సంఘము, పన్నుల బాధలను, పన్ను వసూలులో జరుగు హింసలను విన్నవించుచు పార్లమెంటునకు మహజర్లు పంపియుండెను. సెట్టి 1868లో మరణించెను. ఈవలినుండి విన్నపములు పోవుటయేగాని, ఆవల వానిని నిలుకడగ వినువారు కఱవైన కాలమది. అట్లు వినువాడొకడు సభలో నిలిచినాడన్నదే ఫాసెట్టు పేరు ఇచట మాఱుమ్రోగుటకు కారణము. 1874 సాధారణ ఎన్నికలలో ఆయన బ్రైటనులో ఓడిపోగా, తరువాతి ఎన్నిక ఖర్చులకు భారతీయులు చందాలు వేసికొని సొమ్ము పంపిరి. ఆ వసంతముననే హాక్నీనుండి ఆయన మరల సభ ప్రవేశించెను. పరాధీన దేశ ప్రజలు, పాలకదేశపు సభ్యుని ఎన్నికకు తమ చేతి సొమ్ము చెల్లించుట చరిత్రలో అరుదైన ఘట్టము.

1876-78 సంవత్సరములలో వచ్చిన మహాక్షామము మన దత్తమండలములను, అనగా బళ్లారి, కర్నూలు, కడప సీమలను, పాడుచేసినది. ధాత సంవత్సరమున మొదలైనందున జనులు దానిని ధాతకఱవని నేటికిని చెప్పుకొందురు. ఇట్టి ఆపద మరల వచ్చినచో ఆదుకొనుటకని ప్రభుత్వము వర్తకులపై క్రొత్త పన్నులు విధించి, సాలుకు కోటి యేబదిలక్షల రూపాయల క్షామనిధిని ఏర్పఱతుమని ప్రకటించెను. ఇంతలో 1878 నవంబరున ఆఫ్గను యుద్ధము వచ్చెను. క్షామనిధికని రాబట్టిన సొమ్ము దాని కక్కఱకు రాక, యుద్ధకాలపు అవసరములలో కలసిపోయెను. 1858 నాటి చట్టము ప్రకారము, దండయాత్ర నెదుర్కొనుటకు తప్ప, సరిహద్దు వెలుపలి యుద్ధమునకు భారతదేశపు రాబడిని వాడవలెనన్న పార్లమెంటు సమ్మతి కావలెను. ఆ సమ్మతికై ప్రభుత్వము 1878 డిసెంబరున సభకు రాగా, దానిని ప్రతిఘటించుచు సవరణ ప్రతిపాదించినవాడు ఫాసెట్టు. ఇంగ్లండు సామ్రాజ్య విధానమునకై జరుగు యుద్ధపు ఖర్చు, క్షామముచే కృశించిన ప్రజపై మోపుట అన్యాయమని ఆయన వాదము. సభ ఆయన మాట వినలేదు. మరుసటి యేట ఆయన వ్రాసిన వ్యాసములు 1880లో భారతదేశపు ఆర్థిక వ్యవహారములను గూర్చిన గ్రంథముగ వెలువడినవి. గ్లాడ్‌స్టను ప్రభుత్వము వచ్చిన పిమ్మట యుద్ధవ్యయమున 50 లక్షల పౌనులను ఇంగ్లండు భరించుటకు అంగీకరించెను. ఇది పూర్తి న్యాయము కాదు. అయినను ఎవరు చెల్లింపవలెనన్న ఫాసెట్టు ప్రశ్నకు కొంతవఱకైన లభించిన సమాధానము.

1880లో గ్లాడ్‌స్టను ఆయనను తపాలా శాఖ మంత్రిగ నియమించెను. ఉత్తరములు, చిరునామాలు, ముద్రలు - కంటితో నడచు శాఖకు కన్నులు లేని అధిపతి! అయినను ఆ నాలుగేండ్లలో జరిగిన మార్పులు గణింపదగినవి. 1881 జనవరి నుండి పోస్టలు ఆర్డర్లు అమలులోనికి వచ్చినవి. ఒక్కొక్క పెన్నీ బిళ్లను కాగితముపై అంటించుచు, పండ్రెండు నిండగనే షిల్లింగుగ బ్యాంకులో జమ చేయు ఏర్పాటు పేదలకు పొదుపును సులభము చేసినది. 1883 ఆగస్టు 1వ తేదీన పార్సెలు తపాలా ప్రారంభమయ్యెను. తంతి రుసుము ఆరు పెన్నీలకు తగ్గుటకు ఆయన పునాది వేసెను. అది 1885లో, ఆయన మరణానంతరము, అమలు జరిగెను. స్త్రీలకు ఉద్యోగావకాశములు పెంచుటయే గాక, వారికొఱకు స్త్రీ వైద్యురాలిని నియమించెను. శాఖయందలి సామాన్యోద్యోగుల విన్నపములను స్వయముగ వినుట ఆయన అలవాటు. వినుటయే ఆయన పాలనాపద్ధతి యని చెప్పవచ్చును.

ఇంతటివానికి మంత్రివర్గపు అంతరంగ సభలో, అనగా క్యాబినెట్టులో, చోటు లభింపలేదు. రహస్య పత్రములను ఆయన మఱొకరిచేత చదివించుకొనవలసి వచ్చుట దీనికి కారణమని చెప్పుదురు. ఇందు విపరీత మొకటి కలదు. చూపుగల మంత్రులును కార్యదర్శులచేతనే పత్రములు వ్రాయించుకొందురు, నకళ్లు తీయించుకొందురు. వారి విషయమున అది వ్యవహారము, ఈయన విషయమున అది లోపమయ్యెను. మఱియొక నష్టము ఇంతకంటె పెద్దది. ప్రభుత్వమున చేరినవాడు ప్రభుత్వమును ప్రశ్నింపలేడు. 1880 పిమ్మట భారతదేశపు బడ్జెటు చర్చలలో ఆ కంఠము వినరాలేదు. పదవి ఆయనను గౌరవించినది, భారతదేశము తన ప్రతినిధిని కోల్పోయినది.

ఫాసెట్టు దృష్టికి హద్దులు లేకపోలేదు. ఆయన స్వేచ్ఛావ్యాపార వాది. ప్రభుత్వ జోక్యమును శంకించువాడు. కర్మాగారములలో స్త్రీల పనిగంటలకు ప్రత్యేకముగ పరిమితి విధించు చట్టములను, అవి స్త్రీల ఉపాధిని తగ్గించునని, ప్రతిఘటించెను. భారతదేశమునకు స్వపరిపాలన కావలెనని ఆయన వాదింపలేదు; ఆంగ్ల పరిపాలన పొదుపుగను, న్యాయముగను సాగవలెననియే వాదించెను. దుబారా తగ్గినచో దారిద్ర్యము తగ్గునని ఆయన నమ్మెను. సంపద పాలనావ్యవస్థ మూలముననే దేశము దాటిపోవుచున్నదని నౌరోజీ తలచెను. ఈ రెండింటికిని నడుమ దూరము కలదు. కనుక ఫాసెట్టును జాతీయోద్యమమునకు ఆద్యుడని పొగడుట సత్యదూరము. కాని పద్దులు అడుగు హక్కు గుర్తింపబడని చోట పాలించు హక్కును గూర్చిన ప్రశ్న పుట్టదు. మొదటి ప్రశ్న ఆయన అడిగెను. రెండవదానిని మనవారు అడిగిరి. కాంగ్రెసు మహాసభ తొలి సమావేశము ఆయన మరణించిన మరుసటి యేడు, 1885 డిసెంబరులో, జరిగెను. నౌరోజీ 1892లో లండనునుండి కామన్సు సభకు ఎన్నికై, భారతదేశ ప్రతినిధి యనుమాటకు వాచ్యార్థము కల్పించెను.

1882 చివర తీవ్రమైన జ్వరముతో ఫాసెట్టు మృత్యుముఖము వఱకు పోయి బయటపడెను. 1884 జూనులో, స్త్రీల వోటునకు సంబంధించిన సవరణను ఓడింపుమని ప్రధానమంత్రి ఆదేశింపగా, మంత్రిగ నుండియు వోటు వేయక తటస్థుడుగ నిలిచెను. పదవి పోవునేమోయను శంక ఆయనను ఆపలేదు. ఆ సంవత్సరము నవంబరు 6వ తేదీన ఊపిరితిత్తుల వ్యాధితో కేంబ్రిడ్జిలో మరణించెను. వయస్సు 51 ఏండ్లు. సమీపమున ట్రంపింగ్టను గ్రామపు చర్చి ఆవరణమున ఆయన సమాధి కలదు. లండనులో థేమ్సు నదీతీరమున స్త్రీలు చందాలు వేసికొని ఆయన పేర జలధార నొకదానిని నిర్మించిరి. ఆయన యేకైక పుత్రిక ఫిలిప్పా 1890లో కేంబ్రిడ్జి గణిత పరీక్షయందు, పురుషులలో ప్రథముడైన వానికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొనెను. తండ్రి ఏడవ స్థానము పొందిన పరీక్ష అదియే.

అంధులను గూర్చి ఫాసెట్టు తరచుగ చెప్పిన అభిప్రాయ మొకటి కలదు. వారిని జాలితో వేఱు చేసి ఆశ్రమములలో నుంచవలదు; అందఱి నడుమ, అందఱివలె బ్రదుకనీయవలె నన్నదే దాని సారాంశము. ఆయన జీవితమే దానికి వ్యాఖ్యానము. ఆయన ఒంటరిగ ఏమియు సాధింపలేదు. చదివి వినిపించిన బాలుడు, భార్య, కార్యదర్శులు, చేయిపట్టి సభకు నడిపిన మిత్రులు - వీరందఱి కన్నులును ఆయన కృషిలో కలసియున్నవి. దీనిని చెప్పుట ఆయనను తక్కువ చేయుట కాదు. ఇట్టి సహాయ మందినచో చూపులేనివాడు సామ్రాజ్యపు లెక్కలను సవరింపగలడు. అందనిచో సామాన్య వోటరుగ కూడ నిలువలేడు. స్వతంత్ర భారతమున 1953లో కలకత్తానుండి లోక్‌సభకు ఉప ఎన్నికలో గెలిచిన సాధన్ గుప్తా బాల్యముననే చూపు కోల్పోయినవాడు. కామన్సు సభలో ఫాసెట్టు అడిగిన భారతదేశపు పద్దులను, భారతదేశపు సభయందే మఱియొక అంధ సభ్యుడు అడుగు కాలము వచ్చినది.

ఫాసెట్టు చరిత్రనుండి మేము గ్రహించిన దొక్కటి. ఆనాటి కామన్సు సభలో ఆరువందలకు పైగా సభ్యులకు కన్నులుండెను. భారతదేశపు జమాఖర్చుల పుస్తకము వారందఱి యెదుటను ప్రతి యేట పెట్టబడుచునే యుండెను. దానిని తెఱచి చదివించుకొన్నవాడు ఒక్క అంధుడు. కనబడకపోవుట వేఱు, చూడకపోవుట వేఱు. మొదటిది ఆయనకు ప్రమాదవశమున కలిగెను; రెండవది తక్కినవారు తమ యిచ్ఛతో చేసిరి. దాని మూల్యమును దత్తమండలముల రైతు చెల్లించెను.